39 శాతం ఓట్ల విలువ ఎంత?

ఎన్నికల ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది: “ఓట్లు అన్ని పడ్డాయంటున్నారు కదా, మరి సీట్లు ఎందుకు రాలేదు?” ఓడిన పార్టీని అభిమానించేవారు బాధతో అడిగే ప్రశ్న ఇది. గెలిచినవారికి ఆ పూట దాని అవసరం కనిపించదు. అయినా ప్రశ్న న్యాయమైనది. జవాబులో రాజకీయం కొంతే, మిగిలినదంతా గణితం.

మన దగ్గరి మూడు ఫలితాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీకి 39.2 శాతం ఓట్లు వచ్చాయి. 175 సీట్లలో దక్కినవి 23. 2024లో అదే రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి 39.4 శాతం ఓట్లు వచ్చాయి. దక్కినవి 11 సీట్లు. ఈ రెండింటికీ మధ్య, 2023 చివర్లో, తెలంగాణలో కాంగ్రెస్ పార్టీకి వచ్చినవి కూడా 39.4 శాతమే. అక్కడ అది 119లో 64 సీట్లు గెలిచి ప్రభుత్వం ఏర్పాటు చేసింది. ఓటేసిన ప్రతి అయిదుగురిలో దాదాపు ఇద్దరు ఒక పార్టీని కోరుకున్నారు. ఆ కోరికకు ఒకచోట అధికారం దక్కింది, ఒకచోట చిన్న ప్రతిపక్షం మిగిలింది, మరోచోట ప్రతిపక్ష నేత హోదా ఉందా లేదా అన్న వివాదం మిగిలింది. పదో వంతు సీట్లుంటేనే ఆ హోదా అన్నది ఆనవాయితీ. 175లో పదో వంతంటే 18.

ఇందులో మోసం వెతకనక్కర్లేదు. ప్రతి ఓటునూ నిజాయితీగా లెక్కపెట్టినా ఫలితం ఇలాగే వస్తుంది. ప్రజాతీర్పు అనే మాటను మనం ఓటర్ల మనసులో ముందే ఉన్న వస్తువులాగా వాడుతుంటాం, పెట్టెలు తెరిస్తే అది బయటపడుతుందన్నట్టుగా. ఓటర్ల ఇష్టాలు ఆ తీర్పులో సగం మాత్రమే. ఆ ఇష్టాలను కూడి గెలుపోటములుగా మార్చే నియమం రెండో సగం. ఆ రెండో సగాన్ని చూడకుండా ఎన్నిక న్యాయమైనదా కాదా అని తేల్చలేం.

ఓట్లు ఎక్కడ పడ్డాయన్నది

మన శాసనసభలకూ లోక్‌సభకూ వాడే పద్ధతి అందరికీ తెలిసిందే. నియోజకవర్గంలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వారు గెలిచినట్టు. సగం దాటాలన్న నియమం లేదు, ఒక్క ఓటు ముందుంటే చాలు. ఫస్ట్ పాస్ట్ ది పోస్ట్ అనే ఈ పద్ధతిని ‘ముందున్నవారి గెలుపు’ అందాం. దీని ప్రకారం రాష్ట్రమంతటా జరిగేది ఒక ఎన్నిక కాదు, 175 విడివిడి ఎన్నికలు. ఓడిన అభ్యర్థికి పడిన ఓట్లు ఆ నియోజకవర్గం పొలిమేర దాటి ఎక్కడా పనికిరావు. గెలిచిన అభ్యర్థికి అవసరానికి మించి పడిన ఓట్లు కూడా అంతే.

రెండే పార్టీలున్న ఒక ఊహా రాష్ట్రాన్ని తీసుకోండి. అందులో 100 నియోజకవర్గాలు, ఒక పార్టీకి 51 శాతం, మరోదానికి 49 శాతం. ఇద్దరి అభిమానులూ అన్ని ఊళ్లలోనూ ఒకే పాళ్లలో కలిసి ఉంటే ప్రతి నియోజకవర్గంలోనూ 51, 49 తేడాయే వస్తుంది. సీట్లు 100, సున్నా. అదే అభిమానులు విడివిడిగా, ఒక్కో నియోజకవర్గమంతా ఒకే పార్టీ వాళ్లుగా స్థిరపడి ఉంటే సీట్లు 51, 49. ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోలేదు, కేవలం వాళ్లు నివసించే చోటు మారింది. నిజమైన రాష్ట్రాలన్నీ ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటాయి. పోటీ రెండు పక్షాల మధ్యే ఉండి, రెండింటి బలమూ రాష్ట్రమంతటా దాదాపు సమంగా పరుచుకుని ఉంటే ఆ రాష్ట్రం మొదటి కొసకు దగ్గరగా జరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ సరిగ్గా అలాంటిది.

దీన్ని కొలవడానికి బ్రిటన్‌లో ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలోనే ఒక లెక్క ప్రయత్నించారు. రెండు పార్టీల ఓట్ల నిష్పత్తిని ఘనం చేస్తే సీట్ల నిష్పత్తి వస్తుందన్నది ఆ అంచనా. చాలాకాలం అక్కడ అది బాగానే పనిచేసింది. 2019 ఆంధ్రకు దాన్ని వేసి చూస్తే, గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చిన దాదాపు 50 శాతానికీ తెలుగుదేశానికి వచ్చిన 39 శాతానికీ నిష్పత్తి 1.28. ఘనం చేస్తే రెండు దాటుతుంది. అంటే సీట్లు సుమారు 117, 57గా పంచుకోవాలి. వచ్చినవి 151, 23. బ్రిటన్‌లో పార్టీల బలం ప్రాంతానికొక తీరుగా గుంపులు కట్టి ఉండేది, గనుల ప్రాంతం ఒకరిది, పల్లెలు మరొకరివి. ఆంధ్రలో గాలి వీస్తే శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా ఒకేసారి వీస్తుంది. అందుకే ఇక్కడ పది శాతం ఓట్ల తేడా సీట్లలో తుడిచిపెట్టుకుపోయినంత తేడాగా కనిపిస్తుంది.

తెలంగాణ లెక్క వేరు. 2023లో కాంగ్రెస్‌కూ భారత రాష్ట్ర సమితికీ మధ్య తేడా రెండు శాతమే, సీట్లు మాత్రం 64, 39. హైదరాబాద్ జిల్లాలో కాంగ్రెస్‌కు ఒక్క సీటూ రాలేదు. ఓట్లు నిలబడ్డ జిల్లాల్లో గెలుపుకు సరిపడేలా నిలబడ్డాయి. అదే ఎన్నికలో మజ్లిస్ పార్టీకి 2.2 శాతం ఓట్లతో 7 సీట్లు, భారతీయ జనతా పార్టీకి 13.9 శాతం ఓట్లతో 8 సీట్లు వచ్చాయి. పాతబస్తీలో గుంపుగా ఉన్న ఓటుకు ఒక విలువ, రాష్ట్రమంతా పలుచగా పరుచుకున్న ఓటుకు మరో విలువ. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజారాజ్యం పార్టీకి 16 శాతానికి పైగా ఓట్లు వచ్చినా 294లో 18 సీట్లే రావడానికీ కారణం ఇదే. ముందున్నవారి గెలుపులో మూడో స్థానంలో సమంగా పరుచుకుని ఉండటం కన్నా నష్టకరమైన స్థితి మరొకటి లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది సరైనదే. ఓటర్లూ పార్టీలూ ఆట నియమాలు తెలిసే ఆడుతున్నారు కాబట్టి, నియమం మారితే ఆటా మారుతుంది. 2019లో జనసేనకు సుమారు 5.5 శాతం ఓట్లు, ఒక్క సీటు. 2024లో సుమారు 6.9 శాతం ఓట్లు, 21 సీట్లు. రెండోసారి ఆ పార్టీ పోటీ చేసిందే 21 చోట్ల, ప్రతిచోటా మిత్రపక్షాలైన తెలుగుదేశం, భారతీయ జనతా పార్టీల ఓటర్లు వెనక నిలిచారు. వ్యతిరేక ఓటు చీలనివ్వకూడదన్న మాట ఆ పొత్తుకు పునాది. పొత్తు ఒక్కటే ఫలితాన్ని తిప్పిందని చెప్పడమూ తప్పే. 2019లో ఈ మూడు పార్టీల ఓట్లు కలిపినా 46 శాతం దాటవు, 2024లో అవి 55 శాతానికి చేరాయి. జనం నిజంగానే అటు మళ్లారు. కాబట్టి 39 శాతానికి 175లో 68 సీట్లు రావాల్సింది, అన్యాయం జరిగిందని తేలిగ్గా తీర్పు చెప్పలేం. మరో నియమం కింద ఆ 39 శాతమే ఉండేది కాదు, పొత్తులూ ఇలా ఉండేవి కావు. దీని అర్థం నియమం ప్రభావం తక్కువని కాదు. పార్టీలు ఎవరితో కలవాలో, ఓటరు ఎవరిని మనసులోంచి తీసేసుకోవాలో కూడా నియమమే నిర్ణయిస్తోందని అర్థం.

రోడ్డా, ట్యాంకా, బడి గదా

సరే, సీట్ల గొడవ వదిలేసి ఒకే ఒక్క నిర్ణయం తీసుకుందాం. ఒక పంచాయతీకి నిధులొచ్చాయి. మూడు పనుల్లో ఒకటే చేయొచ్చు: నీళ్ల ట్యాంకు, సిమెంటు రోడ్డు, బడికి అదనపు గది. ఊళ్లో మూడు వాడలు, మూడింటా ఓటర్లు సమానం. పై వాడవారికి నీళ్ల ఎద్దడి, అందుకని ముందు ట్యాంకు, తర్వాత రోడ్డు, చివర బడి. నడిమి వాడవారికి ముందు రోడ్డు, తర్వాత బడి, చివర ట్యాంకు. దిగువ వాడవారికి ముందు బడి, తర్వాత ట్యాంకు, చివర రోడ్డు. ముగ్గురి ఇష్టంలోనూ తప్పుపట్టాల్సింది లేదు.

ఇప్పుడు రెండేసి పనులను పోటీకి పెట్టండి. ట్యాంకా రోడ్డా అంటే పై వాడ, దిగువ వాడ ట్యాంకు వైపు. మూడింట రెండొంతుల మెజారిటీతో ట్యాంకు గెలిచింది. రోడ్డా బడా అంటే పై వాడ, నడిమి వాడ రోడ్డు వైపు. రోడ్డు గెలిచింది. ట్యాంకు రోడ్డును మించింది, రోడ్డు బడిని మించింది, మరి ట్యాంకు బడిని మించాలి కదా? అడిగి చూడండి. నడిమి వాడ, దిగువ వాడ బడి వైపు. బడి గెలిచింది. ప్రతి మనిషికీ స్పష్టమైన వరుస ఉంది, ఊరికి మాత్రం వరుస లేదు. ఏది ఎంచుకున్నా ఊళ్లో మూడింట రెండొంతుల మంది దానికన్నా మరొకటి మేలనేవారే.

ఈ విచిత్రాన్ని 1785లో ఫ్రెంచి పండితుడు కాండోర్సే లెక్కకట్టి చూపించాడు. మెజారిటీ మాటకు ఎనలేని విలువనిచ్చిన మనిషి ఆయన. ఫ్రెంచి విప్లవంలో పాల్గొని, ఆ విప్లవకారుల చేతిలోనే బందీ అయి 1794లో చెరలో మరణించాడు. మెజారిటీ అన్నది గుండ్రంగా తిరగగలదని ఆయన లెక్క చెబుతోంది. అలా తిరిగినప్పుడు గెలుపు ఎవరి చేతిలోకి పోతుందో చూడండి. సర్పంచి ముందు ట్యాంకునూ రోడ్డునూ పోటీకి పెట్టి, గెలిచినదానికి బడితో పోటీ పెడితే బడి కడతారు. ముందు రోడ్డూ బడీ, తర్వాత ట్యాంకు అంటే ట్యాంకు కడతారు. ముందు బడీ ట్యాంకూ, తర్వాత రోడ్డు అంటే రోడ్డు వేస్తారు. ఎవరి ఓటూ మారలేదు. చర్చకు పెట్టే వరుసను నిర్ణయించే అధికారం ఉన్నవారే నిర్ణయం మొత్తాన్ని చేశారు. చట్టసభల్లో సవరణలను ఏ వరుసలో ఓటింగుకు పెట్టాలన్న దానిపై జరిగే పట్టుదలలకు మూలం ఇక్కడ ఉంది.

ఎప్పుడూ ఇలా జరుగుతుందని భయపడాల్సిన పనిలేదు. పన్ను ఎంత ఉండాలి వంటి ప్రశ్నలో ఇష్టాలన్నీ ఒకే గీత మీద తక్కువ నుంచి ఎక్కువకు అమరుతాయి. తనకు నచ్చిన చోటు నుంచి ఎటు దూరం జరిగినా ప్రతివారికీ ఇష్టం తగ్గుతూ పోతుంది. అలాంటప్పుడు మెజారిటీ గుండ్రంగా తిరగదని, సరిగ్గా నడుమ నిలిచిన ఓటరు కోరినదే ముఖాముఖి పోటీలన్నిటా గెలుస్తుందని స్కాట్లండ్‌కు చెందిన డంకన్ బ్లాక్ 1948లో నిరూపించాడు. కానీ కులం, ప్రాంతం, సంక్షేమం, నాయకుడి మీద అభిమానం అన్నీ కలిసే ఎన్నికను ఒకే గీత మీద అమర్చడం కష్టం.

ఇద్దరు తెలుగువారు, ఒక పదవి

ఓటరును ఒక్క పేరు అడిగి వదిలేయకుండా వరుస అడిగితే ఏమవుతుంది? దీనికి మన దేశంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. జాకిర్ హుస్సేన్ మరణంతో 1969 ఆగస్టులో రాష్ట్రపతి ఎన్నిక జరిగింది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. ప్రధాని ఇందిరా గాంధీ ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమని చెప్పి బలపరచింది, బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి. గిరిని. స్వతంత్ర పార్టీ, జనసంఘ్ నిలబెట్టింది మాజీ ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను. మొత్తం అభ్యర్థులు 15 మంది.

రాష్ట్రపతిని ఎన్నుకునే పద్ధతి ప్రాధాన్య ఓటు. ఓటరు ఒకటి, రెండు, మూడు అని వరుస రాస్తారు. ఎవరికీ సగం దాటకపోతే, అందరికన్నా తక్కువ వచ్చినవారిని పోటీ నుంచి తీసేసి, వారి ఓట్లను వాటి మీద రాసిన తర్వాతి పేరుకు బదిలీ చేస్తారు. ఆ ఏడాది చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337, గెలవడానికి కావాల్సింది 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరూ గీత దాటలేదు. రెండో ప్రాధాన్యాల్లోకి దిగితే తప్ప తేలని రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే. కిందివారందరినీ తీసేసి బదిలీ చేశాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. బదిలీ అయిన ప్రతి ఆరు ఓట్లలో దాదాపు అయిదు సంజీవరెడ్డికి వెళ్లాయి. 88 వేల దాకా ఉన్న అంతరం 14,650కి కుంగింది. గిరి గీత దాటింది 1,908 విలువతో. అప్పట్లో ఒక్క ఎంపీ ఓటు విలువే 576.

గెలిచింది గిరే, ముందున్నవారి గెలుపు అయినా ఆయనే గెలిచేవారు. కానీ అవే బ్యాలెట్లను ఒక వరుస వరకే చదివితే సునాయాస విజయం, రెండు మూడు వరుసలు చదివితే నువ్వా నేనా అన్న పోరు. దేశం ఎంత సమంగా చీలిందో మొదటి అంకె ఒక్కటే చెప్పలేకపోయింది. మరో సంగతి కూడా గమనించాలి. ఈ లెక్కింపు దేశ్‌ముఖ్‌ను తీసేసే ముందు ఒక ప్రశ్న అడగనే అడగలేదు: గిరి ఓటర్ల, సంజీవరెడ్డి ఓటర్ల రెండో పేరు ఎవరిది? వారి బ్యాలెట్ల మీద ఆ సమాచారం ఉన్నా, పద్ధతి ప్రకారం దాన్ని తిరగేసి చూడరు. మూడో స్థానంలో ఉన్న వ్యక్తి, విడివిడిగా ఇద్దరితో తలపడితే ఇద్దరినీ ఓడించగల వ్యక్తి అయినా సరే, మొదటి అంకెలు తక్కువైతే ముందే బయటికి పోతారు.

ఇది ఊహ కాదు. అమెరికాలోని అలాస్కాలో 2022 ఆగస్టులో ఇదే పద్ధతిలో జరిగిన ఉప ఎన్నికలో బ్యాలెట్ల సమాచారాన్నంతా బయటపెట్టారు. మేరీ పెల్టోలా, సారా పేలిన్, నిక్ బెగిచ్ ముగ్గురిలో బెగిచ్‌కు మొదటి ప్రాధాన్యాలు తక్కువ వచ్చి ముందే బయటికి పోయారు, పెల్టోలా గెలిచారు. బ్యాలెట్లు తిరగేస్తే, బెగిచ్ ముఖాముఖిలో ఆ ఇద్దరినీ ఓడించేవారని తేలింది. ఇంకా వింత ఏమంటే, పేలిన్ ఓటర్లలో కొన్ని వేలమంది అటుమళ్లి పెల్టోలాకే ఓటేసి ఉంటే పేలిన్ మూడో స్థానానికి జారి, బెగిచ్ చివరి పోటీకి వచ్చి, పెల్టోలా ఓడిపోయేవారు. ఓట్లు పెరిగితే ఓడిపోవడం! ప్రాధాన్య ఓటును సర్వరోగ నివారిణిగా చెప్పేవారు ఈ ఉదాహరణను దాటవేయకూడదు.

యారో తేల్చిన సంగతి

ఒక పద్ధతికి ఒక లోపం, మరోదానికి మరో లోపం. ఇంకాస్త తెలివిగా ఆలోచిస్తే లోపం లేనిది దొరకదా? 1951లో అమెరికా ఆర్థికవేత్త కెనెత్ యారో ఈ ప్రశ్నను తలకిందులు చేశాడు. పద్ధతులను ఒక్కొక్కటిగా పరీక్షించకుండా, మంచి పద్ధతికి ఉండాల్సిన కనీస లక్షణాలు ముందు రాసుకున్నాడు. ఓటర్లు ఏ వరుస రాసినా పద్ధతి ఒక పొందికైన ఉమ్మడి వరుస ఇవ్వాలి, పంచాయతీలో లాగా గుండ్రంగా తిరగకూడదు. అందరూ ఒకరిని మరొకరికన్నా మేలంటే ఉమ్మడి వరుస కూడా అదే అనాలి. ఇద్దరిలో ఎవరు పైన అన్నది ఆ ఇద్దరి గురించి ఓటర్లు అనుకున్న దాని మీదే ఆధారపడాలి, మూడోవాడు బరిలో ఉన్నాడా లేడా అన్నదాని మీద కాదు. ఒకే మనిషి మాట ఎప్పుడూ చెల్లేలా ఉండకూడదు. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. అయినా అభ్యర్థులు ముగ్గురో అంతకు మించో ఉంటే ఈ లక్షణాలన్నీ ఒకేసారి ఉన్న పద్ధతి ఉండదని యారో నిరూపించాడు. ఇంకా ఎవరూ కనిపెట్టలేదని కాదు, ఎప్పటికీ కనిపెట్టలేరని. అభ్యర్థులు ఇద్దరే అయితే ఈ చిక్కు లేదు. అక్కడ మామూలు మెజారిటీయే సరైనదని మరుసటి ఏడాదే కెనెత్ మే అనే గణితవేత్త చూపించాడు. చిక్కంతా మూడో మనిషితోనే మొదలవుతుంది.

ఇరవై ఏళ్ల తర్వాత మరో దెబ్బ తగిలింది. 1973లో అలన్ గిబ్బర్డ్, 1975లో మార్క్ సాటర్‌త్వెయిట్ వేర్వేరుగా తేల్చినది ఇది: ముగ్గురు లేదా అంతకుమించి గెలవగల అభ్యర్థులున్నప్పుడు, నియంతృత్వం కాని ఏ పద్ధతిలోనైనా, కొన్ని పరిస్థితుల్లో ఎవరో ఒక ఓటరుకు మనసులోని నిజం కాక మరోటి రాస్తేనే లాభం కలుగుతుంది. “నచ్చినవాడికి వేస్తే ఓటు వృథా, అందుకే రెండోవాడికి వేశా” అనే ఓటరు అమాయకుడూ కాదు, అవకాశవాదీ కాదు. ఆ ఒత్తిడి పద్ధతుల్లోనే ఉంది. కాకపోతే ఒక్కో పద్ధతి ఓటరు మీద ఒక్కో మోతాదులో ఒత్తిడి పెడుతుంది. ముందున్నవారి గెలుపులో ఆ మోతాదు చాలా ఎక్కువ, నియోజకవర్గంలో మూడో పక్షాన్ని ఇష్టపడే ప్రతి ఓటరుకూ ప్రతి ఎన్నికలోనూ అది అనుభవంలోకి వస్తుంది. ప్రాధాన్య ఓటులో అది అరుదుగా, ముందే పసిగట్టడానికి వీలులేని సందర్భాల్లో వస్తుంది.

లోపాలున్నాయని అన్నీ సమానమా

యారో సిద్ధాంతం విన్నవారు చాలామంది ఒక తప్పుడు దారి పడతారు: ఏదీ సంపూర్ణం కాదు, కాబట్టి ఉన్నదాన్ని కదపకండి. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో విద్యార్థిగా ఉన్నప్పుడే యారో పుస్తకం చేతికందిన అమర్త్య సేన్ ఈ వాదనను జీవితమంతా ఖండించారు. అన్ని మంచి గుణాలూ ఒకేచోట ఉండవని తెలిసినప్పుడు, ఏ గుణాన్ని వదులుకుంటున్నామో బహిరంగంగా చర్చించి ఎంచుకోవడం మరింత అవసరమవుతుంది. అన్ని జబ్బులకూ పనిచేసే మందు లేదన్న నిజం, మందులన్నీ ఒకటేనని చెప్పదు.

రెండో అభ్యంతరం బరువైనది: స్థిరత్వం. ఓట్ల పాళ్లలోనే సీట్లు పంచే దామాషా పద్ధతి పెడితే సభ ముక్కలవుతుందని, ప్రభుత్వాలు నిలబడవని 1949 జనవరిలో రాజ్యాంగ సభలోనే చర్చ జరిగింది. దామాషా కోసం కాజీ సయ్యద్ కరీముద్దీన్ సవరణ ప్రతిపాదిస్తే, అంబేద్కర్ అక్షరాస్యత లేకపోవడాన్నీ స్థిరమైన ప్రభుత్వ అవసరాన్నీ చూపి వ్యతిరేకించారు. 1951 జనగణనలో దేశ అక్షరాస్యత 18 శాతం. ఆనాటి పరిస్థితికి అది వివేకమైన నిర్ణయం. అయితే ముందున్నవారి గెలుపు స్థిరత్వాన్ని తప్పక ఇస్తుందన్న నమ్మకాన్ని తర్వాతి చరిత్ర నిలబెట్టలేదు. 1989 నుంచి 1999 దాకా జరిగిన అయిదు లోక్‌సభ ఎన్నికల్లో ఒక్కదానిలోనూ ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ రాలేదు. మరోవైపు, కొన్ని సీట్లు నియోజకవర్గాల ద్వారా, కొన్ని దామాషా జాబితాల ద్వారా నింపే నేపాల్‌లో ప్రభుత్వాలు తరచూ మారుతున్నాయన్నదీ నిజమే. ఒక దేశాన్ని మాత్రమే చూపించి వాదన ముగించలేం.

న్యూజిలాండ్ అనుభవం ఇంకా ఉపయోగపడుతుంది. అక్కడ 1978లో, మళ్లీ 1981లో లేబర్ పార్టీకి ఎక్కువ ఓట్లు వచ్చినా నేషనల్ పార్టీకి ఎక్కువ సీట్లు వచ్చి అదే పాలించింది. 1981లో అయితే రెండు పార్టీలకూ దాదాపు 39 శాతం చొప్పునే వచ్చాయి, సోషల్ క్రెడిట్ అనే మూడో పార్టీకి 20 శాతానికి పైగా ఓట్లకు 92లో 2 సీట్లు దక్కాయి. జనం ఊరుకోలేదు. 1992, 1993 రెండు రెఫరెండాల్లో పద్ధతిని మార్చుకున్నారు, 1996 నుంచి మిశ్రమ దామాషా అమలైంది, 2011లో మళ్లీ అడిగితే అదే ఉంచమన్నారు. నియోజకవర్గ ప్రతినిధి ఉన్నారు, జాబితా ద్వారా పార్టీల పాళ్లూ సరి అవుతాయి. మన లా కమిషన్ కూడా 1999లో ఇచ్చిన 170వ నివేదికలో, ఉన్న సీట్లకు అదనంగా నాలుగో వంతు సీట్లు చేర్చి జాబితా పద్ధతిలో నింపమని సూచించింది. అది అమలుకు నోచుకోకపోవడం విచారకరం. పాలించేవారికి స్పష్టమైన మెజారిటీ ఉండటం ఒక మంచి గుణమే. ఓటర్లలో అయిదింట రెండొంతుల మంది తరఫున సభలో ప్రశ్న అడిగే గొంతులు 175లో 11కో 23కో కుదించుకుపోవడం దానికి చెల్లిస్తున్న ధర. ఆ ధర ఎక్కువన్నదే ఈ అధ్యాయం వాదన. ఎందుకంటే ప్రభుత్వాన్ని ఎంచుకోవడం చట్టసభ చేసే పనుల్లో ఒకటి మాత్రమే, మిగతా అయిదేళ్ల పని ఆ ప్రభుత్వాన్ని నిలదీయడం.

మూడో అభ్యంతరం: వరుస రాయడం మన ఓటర్లకు కష్టం. దీన్ని కొట్టిపారేయలేం. 2021 మార్చిలో తెలంగాణలో పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలు ప్రాధాన్య ఓటుతోనే జరిగాయి. హైదరాబాద్–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ స్థానంలో 93 మంది, వరంగల్–ఖమ్మం–నల్లగొండ స్థానంలో 71 మంది పోటీ చేశారు. దుప్పటంత బ్యాలెట్ పత్రాలు, రోజుల తరబడి ఎలిమినేషన్ రౌండ్లు, డిగ్రీ చదివినవారిలోనే వేల సంఖ్యలో చెల్లని ఓట్లు. ఒకటో అంకెకు బదులు టిక్కు పెట్టినా ఓటు పోయింది. కానీ ఇది పద్ధతి లోపం కన్నా అమరిక లోపం. శ్రీలంక అధ్యక్ష ఎన్నికల్లో ఒక్క గుర్తు పెట్టినా అది మొదటి ప్రాధాన్యంగా చెల్లుతుంది, ఇష్టమున్నవారే రెండు, మూడు రాస్తారు. 2024 సెప్టెంబరులో అక్కడ మొదటిసారి రెండో లెక్కింపు అవసరమైంది, అనుర కుమార దిసనాయకె అందులో గెలిచారు. లండన్ మేయర్ ఎన్నికల్లో 2021 దాకా అంకెలే అవసరం లేకుండా చేశారు. బ్యాలెట్ మీద రెండు నిలువు వరుసలు, మొదటి ఇష్టానికి ఒకటి, రెండో ఇష్టానికి ఒకటి, ఒక్కోదానిలో ఒక్క గుర్తు.

మన దగ్గర ఇలాంటిది మొదలుపెట్టడానికి రాజ్యాంగం అడ్డు కాదు. రాష్ట్రపతి ఎన్నిక పద్ధతిని 55వ అధికరణం పేరు పెట్టి చెప్పింది కానీ, లోక్‌సభకు 81వ అధికరణం, శాసనసభలకు 170వ అధికరణం ప్రాదేశిక నియోజకవర్గాల నుంచి ప్రత్యక్ష ఎన్నిక అని మాత్రమే అంటాయి. ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచినట్టు ప్రకటించమన్నది 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 64వ నియమం. పంచాయతీ ఎన్నికల విషయం ఇంకా సులువు. వాటికి సంబంధించిన చట్టాలు చేసే అధికారాన్ని 243కె అధికరణం రాష్ట్ర శాసనసభలకే ఇచ్చింది. సర్పంచి ఎన్నిక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పార్టీ గుర్తులు లేకుండా, కాగితపు బ్యాలెట్ మీద స్వస్తిక్ ముద్రతో జరుగుతుంది. నలుగురైదుగురు నిలబడితే మూడో వంతు ఓట్లతోనే ఊరి పెద్ద తేలిపోతారు. అదే బ్యాలెట్ మీద గుర్తుల పక్కన రెండో గడి ఒకటి చేర్చి, రెండో ముద్ర వేయడం ఓటరు ఇష్టానికి వదిలి, కొన్ని మండలాల్లో ఒక విడత జరిపి చూడవచ్చు. ముందున్న ఇద్దరు తప్ప మిగిలినవారి ఓట్లలో ఎన్ని రెండో ముద్రతో వచ్చాయి, ఎన్ని చెల్లకుండా పోయాయి, మొదటి లెక్కింపులో వెనకబడినవారు రెండోదానిలో ఎన్ని ఊళ్లలో గెలిచారు అన్నవి ఆ రాత్రే తెలిసిపోతాయి.